గడప నుంచి తొమ్మిది అడుగులు

మా పాత ఇంటి మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదని ముందే చెప్పేస్తాను. మట్టి మిద్దె. వానొస్తే ఎక్కడ కారుతుందో దేవుడికి కూడా తెలియదు. గిన్నెలన్నీ పరిచాక, గిన్నె పెట్టని చోటే చూసి కారేది. ఏటా వానలకు ముందు పైన చౌడుమట్టి పరిస్తే కొంచెం మాట వినేది. మా భూములు సోలారు కంపెనీకి లీజుకిచ్చాక ఆ మట్టి తవ్వుకునే గుంత కూడా కంచె లోపల పడింది. "ఇంగ ఆర్సీసీ ఇల్లు కట్టేద్దాం" అన్నాడు మా ఆయన. పంటే లేనప్పుడు నూర్పిళ్ళ కల్లంతో పనేముందని, ఇంటి వెనక కల్లంలోనే కొత్తింటికి స్థలం చూశాం. నేను లోపల్లోపల ఎగిరి గంతేశాను.

చిక్కంతా మా అత్తతో వచ్చింది. ఆమె అడ్డం చెప్పిందని కాదు. ఆమెకు కళ్ళు కనపడవు.

చూపు పోయి అప్పటికి పదేళ్ళు. బెంగళూరు దాకా తిప్పాం, కంటి నరం ఎండిపోయింది, ఇంక రాదన్నారు. వీధిలోకి వస్తే నా చెయ్యి వదిలేది కాదు. పెళ్ళిళ్ళకు పోవడమే మానుకుంది. ఇంట్లో మాత్రం ఆమెది మహారాణి నడక. నేను నూనె కాస్త ఎక్కువ వంచితే వసారాలో కూర్చునే "ఏమ్మే, గానుగ మీ నాయనదా?" అనేది. కరెంటు పోతే మేము తడుముకుంటూ ఉండగానే అగ్గిపెట్టె తెచ్చి చేతిలో పెట్టేది.

లీజు కాగితాలు పట్టుకుని ఒకాయన వచ్చినప్పుడు ఆయనను బల్ల మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన మ్యాపు విప్పి "చూడమ్మా, మీ నేల ఈ పచ్చగీత లోపల వస్తుంది" అన్నాడు. "బాగుండాదప్పా" అంది అత్త. వేలిముద్రకు మేము ఆమె వేలు పట్టుకుని కాగితం మీద పెట్టేదాకా ఆయనకు సంగతి తెలియలేదు.

కొత్తింటి మాట ఎత్తిన రోజు అత్త శనక్కాయలు ఒలుస్తూ ఉంది. "కట్టుకోండప్పా. ఈ ఇంట్లో నేను గుడ్డిదాన్ని కాదు. ఆడికొస్తే అయితా, అంతే" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమెతో పోట్లాడుతున్నాను, ఇంకా పోట్లాడాల్సింది చాలా ఉంది. మూలన కూర్చున్న మనిషితో ఏం పోట్లాడతాం?

కొత్తిల్లు లోపలంతా పాతింటి మాదిరే ఉండాలని పట్టుబట్టాను. హాలు, అటాచుడు బాత్రూము అని మురిసిపోతున్న మా ఆయన ముఖం వాడిపోయింది. అత్తను అడిగితే తడుముకోకుండా చెప్పింది. గడప నుంచి నీళ్ళ కుండకు తొమ్మిది అడుగులు, కుండ నుంచి పొయ్యికి ఆరు, పొయ్యి నుంచి దేవుని గూటికి నాలుగు. క్యాలెండరు వెనక రాసుకున్నాను. మేస్త్రీ కల్లంలో సున్నంతో గీతలు గీస్తుంటే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆ గీతల మధ్య లెక్కపెడుతూ నడిచాను.

"టేపుండాది కదక్కా" అన్నాడు మేస్త్రీ.

"నీ టేపు వచ్చి మా అత్తకు నీళ్ళు అందిచ్చాదా?" అన్నాను. నేను ఆగిన చోటల్లా గోడ లేచింది. ఆ ఇల్లు కట్టినన్నాళ్ళూ నేనే ఇంజనీరును.

ఇల్లు మారే ముందురోజు అత్త నన్ను పేడ కలపమంది.

"ఎల్లుండి పడగొట్టే ఇంటికి ఈ పొద్దు అలుకేంది అత్తా?"

"మురికి ముఖంతో పంపిచ్చామా?" అంది.

ఇద్దరం కలిసి అలికాం. అయ్యాక ఆమె పొయ్యి దగ్గర నుంచి వసారా దాకా గోడను చేత్తో తడుముతూ వచ్చింది, ఆ ఇంట్లో ఎన్నడూ తడమని మనిషి. నాకు ఎక్కడ లేని బెంగ ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు తిట్టిపోసిన ఇంటి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నాకే సిగ్గనిపించింది.

కొత్తింట్లో పాలు పొంగాక అందరం పక్కకు జరిగాం. అత్త గడప దాటి, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ నడిచింది. తొమ్మిది అని చెయ్యి చాపింది. చేతికి ఏమీ తగల్లేదు. కుండ ఇంకా మూడడుగుల అవతల ఉంది.

ఆమె అక్కడే నిలబడి ఆలోచించింది. "ఏమ్మే, ఎవురి కాళ్ళతో కొలిచినావు?"

నేను ఆమె కంటే జానెడు పొడుగు. పైగా ఆమెవి చిన్న అడుగులు. లెక్క ఆమెది, నడక నాది. ఇల్లంతా నా కాళ్ళకు సరిపోయేటట్టు కట్టించి పెట్టాను. మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్త తిట్టి ఉంటే బాగుండేది. గోడ తడుముకుంటూ పోయి ఒక మూల కూర్చుంది. ఆ రోజంతా లేవలేదు, నీళ్ళు కూడా అడిగి తాగింది. నేను ఏది చూడకూడదనుకున్నానో అదే చూశాను.

మరుసటి పొద్దున కూలీలు పాతింటి మీదికి ఎక్కారు. గడ్డపార దెబ్బ పడినప్పుడల్లా అత్త ఉలిక్కిపడుతోంది. పోయి ఆమె ముందు కూర్చున్నాను. "తప్పయిపోయింది అత్తా. గోడలు జరపమని చెప్తా" అన్నాను. నిజంగానే చెప్పేదాన్ని.

"గోడలు యాడికీ జరపొద్దు" అని ఆమె లేచి నా భుజం మీద చెయ్యి వేసింది. "నడువు. మెల్లగా."

గడప దగ్గర మొదలుపెట్టాం. పన్నెండు దగ్గర కుండ తగిలింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. ఐదోసారికి నా భుజం మీద చెయ్యి తీసేసింది. అప్పుడే పాతింట్లో ఏదో పెద్ద చప్పుడుతో కూలింది.

"దూలమా?" అంది.

"అవునత్తా."

కాసేపు చెవి అటే పెట్టి నిలబడింది. నేను చప్పుడు కాకుండా ఏడుస్తున్నాననుకున్నాను.

"ముక్కు చీదుకుని రా" అంది. "పొయ్యి కాడికి ఎన్ని అడుగులో చూద్దాం. నీవి కాదు, నావి."