నీళ్లు అడగని ముంగిలి

నన్ను సాకిన గడ్డిని నా చేతులతోనే పెకిలించాను. మస్కట్‌లో నేను తోటపని చేసిన ఇంటి ముందు పచ్చిక, కాగితంపూలు, మందారాలు ఉండేవి. పొద్దునా సాయంత్రం వాటికి నీళ్లు పెట్టడమే నా డ్యూటీ. ఒక్క పూట తప్పినా ఆ ఎండకు అన్నీ మొహాలు వేలాడేసేవి. అవి అంత గారాబంగా ఉండబట్టే జగిత్యాల నుంచి వచ్చిన నాకు అక్కడ ఒక గది, జీతం, వీసా దొరికాయి.

ఇంటి యజమాని, మేం పెద్ద అర్బాబ్ అని పిలిచే ఆయన, చనిపోయాక ఇల్లు ఆయన కూతురు, మా మేడమ్ చేతికొచ్చింది. ఆమె పిలిపించిన డిజైనర్ ఆ ఇంటిని చూసి మురిసిపోయాడు. చదునైన కప్పు, నేలబారుగా సాగిన గోడలు, ఈ చివర నుంచి ఆ చివరకు గాజు. ఈ తరహాను మిడ్‌సెంచురీ మోడర్న్ అంటారట. నాకు మాత్రం అది పైఅంతస్తు కట్టడం మరిచిపోయిన ఇల్లులాగే కనిపించేది. అలాంటి ఇంటి ముందు పూలు ఉండకూడదట. కంకర, వెడల్పాటి సిమెంటు పలకలు, దూరదూరంగా నాలుగైదు మొక్కలు, అంతే.

ఆ మొక్కలు బండిలోంచి దిగుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిత్తనార! మా ఊళ్లో మేకలు రాకుండా చేను గట్టున నాటి, మళ్లీ దాని మొహం చూడరు. నెలకోసారి నీళ్లు చాలన్నాడు డిజైనర్, అదేదో శుభవార్త అయినట్టు.

ఆ ఇంట్లో వంట చేసే ఆమెది కడప. నేను గడ్డి మోస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంగ నీకేం పని ఉంటాదన్నా ఈడ?" అంది.

"కంకర ఊడుస్త," అన్నాను.

ఇద్దరికీ నవ్వు రాలేదు. యాభై దాటి, మోకాళ్లు అరిగినవాడికి ఇంకెవరూ వీసా ఇవ్వరు. ఊళ్లో ఇంటికి నా జీతం తప్ప మరో ఆధారం లేదు. అయినా దారం కట్టి, ఒక్క పలక కూడా వంకర పోకుండా పరిచాను.

పని పూర్తయ్యాక, నెలాఖరుకు వీసా కాన్సిల్ చేస్తానని మేడమ్ చెప్పింది. అంతలోనే కిత్తనారలు పసుపెక్కాయి. మొదళ్లు మెత్తబడి ఆకులు వాలిపోయాయి. మేడమ్ కంగారుపడి, అవి కోలుకునేదాకా ఉండమంది. గదిలోకి వచ్చి తలుపేసుకుని దేవుడికి దండం పెట్టాను. మొక్కలు పెంచి బతికినవాణ్ణి, అవి బాగుపడకూడదని కోరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సంగతి కళ్లబడింది. కడప ఆమె గిన్నె పట్టుకుని వచ్చి, బియ్యం కడిగిన నీళ్లు వాటి మొదళ్లలో పోసి వెళ్లింది. మన ఆడవాళ్లు ఆ నీళ్లను ఊరికే పారబోయరు, ఏదో ఒక చెట్టుకు పోస్తారు. ఇన్నాళ్లూ మందారాలకు పోసేది. ఇప్పుడు ముంగిట్లో మిగిలినవి ఇవే.

నేను నోరు మూసుకుంటే చాలు, ఆ మొక్కలు అలా వాడిపోతూనే ఉంటాయి, నా వీసా నిలుస్తుంది. కొన్నాళ్లు మూసుకున్నాను కూడా. కానీ గేటు మీద కెమెరా ఉంది. మేడమ్ ఒక్కసారి చూసిందంటే కడప ఆమె ఉద్యోగం పోతుంది. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చిన మనిషి.

"ఇగ పొయ్యకు చెల్లె. నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లుతున్నయ్," అని చెప్పేశాను.

"ఎండకు మాడిపోతాండాయని పోస్తి అన్నా," అంది బిత్తరపోయి. మొక్కల వంక చూసి, "అవి బాగైతే నిన్ను పంపిచ్చేస్తారు గదా?" అని అడిగింది.

"పంపుతరు."

ఆమె గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నేను గునపం తెచ్చుకున్నాను. మొక్కల్ని పైకి తీసి, కుళ్లిన వేళ్లు కోసి, నీడలో ఆరబెట్టి, ఇసుక కలిపి మళ్లీ నాటాను.

కొన్ని వారాలకు, అన్నిటికన్నా పాడైన మొక్క నడుమ నుంచి కొత్త ఆకు మొన తేలింది. ముందు చూసింది నేనే. చుట్టుపక్కల ఎవరూ లేరు. చిటికెన వేలంత ఉంది, గిల్లేస్తే ఊడిపోయేది. చేయి రాలేదు. ఆ కంకరలోనే కూలబడి ఏడ్చాను.

మేడమ్ ఆ ఆకును ఫోటో తీసి డిజైనర్‌కి పంపింది. నా చేతిలో ఏదో మహిమ ఉందని, నాలాంటి మాలీ ఎక్కడా దొరకడని హిందీలో మెచ్చుకుంది. ఇక ఈ ముంగిలికి ఎవరి అవసరమూ లేదంది. శుక్రవారానికి నా టికెట్ తీయించానని కూడా అదే నవ్వు మొహంతో చెప్పింది.