కొక్కేనికి మిగిలిన బిళ్ళ

నిచ్చెన మామకు ఆ పేరు ఫైర్ స్టేషన్‌లోనే వచ్చింది. మనిషి పొడగరి, సన్నం. పైగా నోరు విప్పితే ఆకాశానికి నిచ్చెన వేసేవాడు. ఒకసారి నీళ్ల బావి తగలబడితే తానే ఆర్పానని చెప్పేవాడు. బావిలో నీళ్లు లేవా అని ఎవరైనా అడిగితే, అంటుకున్నది ఆ నీళ్లే కదా అనేవాడు. ఉద్యోగం దిగిపోయాక ఆ కథలు వినే భారమంతా కూతురి మీద పడింది. అల్లుడికి తప్పించుకోవడానికి డ్యూటీ ఉండేది. మామ పనిచేసిన స్టేషన్‌లోనే ఇప్పుడతను పనిచేస్తున్నాడు. అందుకే అక్కడ చిన్నాపెద్దా అందరికీ ఆయన మామే.

పరుపుల ఫ్యాక్టరీ అంటుకుని అది రెండో రోజు మధ్యాహ్నం. స్పాంజి మంట మొండి చుట్టం లాంటిది. సాగనంపి తలుపేసుకుంటే మళ్లీ వచ్చి తడుతుంది. పైకి నల్లగా చల్లారినట్టే ఉంటుంది, కింద ఎక్కడో నెమరేస్తూ ఉంటుంది. మనుషులు చాలక, దిగిపోయినవాళ్లకు కూడా కబురు వెళ్లింది. మామ మోకాళ్లు ఏనాడో సమ్మెకు దిగాయి. అయినా బూట్లు వెతుక్కున్నాడు. కూతురు గుమ్మానికి అడ్డం నిలబడి, ఫ్యాక్టరీ గేటు దాటి అడుగు పెట్టనని మాట తీసుకుంది. తర్వాత ఫ్లాస్కు చేతికిచ్చింది. ఆమె మొగుడు నిన్నటి నుంచీ ఆ లోపలే ఉన్నాడు.

ఆఫీసరమ్మ ఆయన్ను చూసి మారుమాట్లాడకుండా బిళ్ళల పలక చేతికిచ్చింది. కొక్కేలు బిగించిన చెక్క పలక అది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ మెడలోని ఇత్తడి బిళ్ళ తీసి దానికి తగిలించి వెళ్లాలి. బయటికి వచ్చాక తన చేత్తోనే తీసుకోవాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోకూడదు, కన్నతండ్రి అయినా సరే. పలక మీద బిళ్ళ ఉందంటే మనిషి మంటలో ఉన్నట్టు. దాని మీద వాదనలు లేవు.

మామ గేటు బయట, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆ పలకను ఒళ్లో పెట్టుకున్నాడు. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. వచ్చినవాళ్ల ముఖాల్లో కళ్లు తప్ప ఏమీ తెలియడం లేదు. ఒకడు బిళ్ళ తీసుకోబోయి కొక్కెం అందక గాలిని పట్టుకున్నాడు. ఇంకొకడు మామ ఇచ్చిన టీ కప్పు పట్టుకుని, తాగడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. మామకు బావి కథ చెప్పాలనిపించింది కానీ, చెప్పడానికి ఆయనకూ ఓపిక లేదు, వినడానికి వాళ్లకూ లేదు.

ఇంతలో ఉత్తరం గోడ వంగుతోందని, అందరినీ బయటికి రమ్మని ఈల మోగింది. గోడను వాళ్లే పడగొడితే తప్ప అడుగున ఉన్న నిప్పుకు నీళ్లు అందవు. యంత్రం కూడా వచ్చి నిలబడింది. కాళ్లీడ్చుకుంటూ ఒక్కొక్కరే వచ్చి బిళ్ళలు తీసుకున్నారు. చివరికి కొక్కేనికి ఒకే బిళ్ళ మిగిలింది.

అంచు సొట్టపోయిన బిళ్ళ. పిడుగు పడి సొట్టపోయిందని మామ అందరికీ చెప్పేవాడు. నిజానికి స్టేషన్ తలుపు సందులో నలిగింది. దిగిపోయేటప్పుడు ఆయనే దాన్ని అల్లుడి మెడలో వేశాడు.

అల్లుడి వాకీటాకీ పలకడం లేదు. అతనితో వెళ్లినవాళ్లను అడిగితే, వెనకే వస్తున్నాడనుకున్నామని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆఫీసరమ్మ ఇద్దరిని లోపలికి వెళ్లి వెతకమంది. ఆ ఇద్దరూ అప్పుడే బయటికి వచ్చినవాళ్లు. ముసుగులు మళ్లీ బిగించుకుంటున్నారు. వాళ్ల వెనక గోడ ఇంకాస్త వంగింది.

మామ జేబులో ఫోన్ మోగింది. కూతురు. ఆయన తీయలేదు. లేచి ఆఫీసరమ్మ దగ్గరికి నడిచాడు.

"ఒక్క నిమిషం ఆపమ్మా వాళ్లని."

"మీ అల్లుడే కదా పెద్దాయనా లోపల."

"అందుకే ఆపమంటున్నా. వెనక ప్రహరీకి గొట్టం కోసం కన్నం కొట్టారు కదా. అలిసిపోయినవాడు చుట్టూ తిరిగి గేటు దాకా వస్తాడా? కన్నంలోంచి దూరేస్తాడు. నేనైతే అదే చేసేవాణ్ని. చేశాను కూడా."

"ఇది కథ కాదు కదా?"

"కథ చెప్పే ఓపిక ఉందా నాకు?"

ఆమె ఆయన ముఖంలోకి చూసి, ఆ ఇద్దరినీ చెయ్యెత్తి ఆపింది. మరీ ఆలస్యం కాకూడదంది.

మామ పలకను చంకన పెట్టుకుని ప్రహరీ వెంట వెనక సందులోకి మళ్లాడు. మోకాళ్లు అడుగడుగునా తిట్టిపోస్తున్నాయి. సందులో నీళ్ల ట్యాంకర్ ఒకటి ఆగి ఉంది. అడుగు నుంచి నీళ్లు కారుతూ కింద మట్టి చల్లగా తడిసి ఉంది. రెండు రోజులు కాలినవాడికి ఊరు మొత్తంలో అంతకంటే మంచి పడక దొరకదు. ట్యాంకర్ ఖాళీ అయింది. నీళ్లు నింపుకు రావడానికి డ్రైవర్ అప్పుడే ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

మామ పలకతో తలుపు మీద దబదబా బాదాడు. డ్రైవర్ తల బయటపెట్టి, ముసలాడికి పూనకం వచ్చిందా అన్నాడు. తాళం తీసి కిందికి దిగమన్నాడు మామ. ఆ గొంతు విని డ్రైవర్ ఇంకేమీ అడగకుండా దిగాడు.

మోకాళ్ల మీద వంగి చూడడానికి చాలాసేపు పట్టింది. వెనక చక్రాల మధ్య, హెల్మెట్ తలకింద పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు అల్లుడు. బురదలో పడిపోయిన వాకీటాకీ పక్కనే ఉంది. డ్రైవర్ చక్రాన్నీ మనిషినీ చూసి, నీళ్లు కారుతున్న మట్టిలోనే కూలబడ్డాడు.

మామ లేపబోయి ఆగాడు. లేపితే మళ్లీ లోపలికే వెళ్తాడు. అలాగని పలక మీది బిళ్ళ తాను తీయకూడదు. పలకతో సహా బండి కిందికి పాకి, అల్లుడి చెయ్యి పట్టుకుని, నిద్రలోనే ఆ వేళ్లను బిళ్ళ మీద మూయించి, కొక్కెం నుంచి లాగించాడు. ఖాళీ పలకను ఆఫీసరమ్మకు చూపించమని డ్రైవర్‌కిచ్చి పంపాడు. కాసేపటికి అవతల గోడ పడింది. నేల అదిరింది. అల్లుడు అటు తిరిగి పడుకున్నాడు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి తీశాడు.

"నాన్నా, ఆయన బయటికొచ్చాడా?"

"వచ్చాడమ్మా. ట్యాంకర్ కింద నిద్రపోతున్నాడు. నేనూ పక్కనే పడుకున్నా."



"నాన్నా, ఈ ఒక్క రోజు కథలొద్దు. నీకు దణ్ణం పెడతా. నిజం చెప్పు."

బతుకంతా చెప్పిన బొంకులన్నీ ఆమె ఎంతో కొంత నమ్మింది. ఈ ఒక్క నిజం మాత్రం ఆమెకు మింగుడు పడడం లేదు. ఆయనకు నవ్వు రాలేదు. ప్రమాణం చేద్దామంటే ఆయన ప్రమాణాల విలువ ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మామ ఫోన్‌ను అల్లుడి నోటి దగ్గర పెట్టాడు. తుప్పు పట్టిన గేటు తీస్తున్నట్టు, పెళ్లయిన నాటి నుంచి ఆమె తిట్టుకుంటున్న ఆ గురక సాగుతూనే ఉంది. ఫోన్‌లో ఏడుపు వినిపించింది, ఆ తర్వాత కూడా ఆమె పెట్టేయలేదు. మామ చెయ్యి నొప్పి పుట్టేదాకా దాన్ని అక్కడే పట్టుకున్నాడు.