ఓవెన్లో ఫోన్లు

యాడ్విగాకి పిన్ని కూతురు రెగీనా మీద చిన్నప్పటి నుంచీ అసూయే. అప్పట్లో జడ చూసి. ఇప్పుడు జడ్జిని చూసి.

బెలారస్‌లో, గ్రోద్నో ఊళ్ళో పియానోలు శ్రుతి చేసుకు బతికే యాడ్విగా, సరిహద్దు దాటి లిథువేనియా వచ్చి, విల్నియస్‌లో చెల్లెలి వంటింట్లో ఆ జడ్జి కథ మళ్ళీ వింటోంది. మేయర్‌ని తిడుతూ రాసిన అట్టముక్క పట్టుకుని కూడలిలో నిలబడ్డందుకు రెగీనాకి పోలీసులు జరిమానా వేశారు. కోర్టుకెక్కింది. గెలిచింది.

"గెలిచి ఏం లాభం అక్కా? తీర్పు చదువుతూ ఆవులించాడు ముసలాడు! ఇదీ మా న్యాయం," అంది రెగీనా, బంగాళాదుంపలు తురుముతూ.

ఆవులించాడట! యాడ్విగాకి కడుపు మండింది. స్వేచ్ఛ మనిషిని ఉన్నతుణ్ణి చేస్తుందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు రెగీనాని చూడలేదు. స్వేచ్ఛ మనిషికి సణుక్కునే తీరిక ఇస్తుంది, అంతే. యాడ్విగాకి కావలసింది ఆ తీరికే. ఆమె భర్త కాజిమిర్ కూడా గ్రోద్నోలో అట్టముక్కే పట్టుకున్నాడు. అక్కడి జడ్జి ఆవులించలేదు, అసలు తలే ఎత్తలేదు. సాక్ష్యం చెప్పిన పోలీసు ముసుగు తియ్యలేదు. కాజిమిర్ జైల్లో ఉన్నాడు.

ఆ మాట ఒక్కసారి పైకి అనడానికే వచ్చింది యాడ్విగా. కానీ అంటే రెగీనా జాలిపడుతుంది. అది మింగుడుపడదు.

"బావ రాలేదేం?"

"జలుబు."

"వేసవిలో జలుబేమిటక్కా? నిజం చెప్పు."

యాడ్విగా లేచింది. బల్ల మీది రెండు ఫోన్లూ తీసి ఓవెన్లో పెట్టి తలుపు మూసింది. కిటికీ మూసింది. కుళాయి తిప్పింది. ఫోన్లలోంచి ఎవరు వింటారోనని వాళ్ళ ఊళ్ళో ఏ మాటైనా అలాగే మొదలవుతుంది.

"నీకు మతి పోయిందా? నా వంటకం పెట్టాలి అందులో..." రెగీనా నవ్వు మధ్యలో ఆగిపోయింది. "బావని తీసుకెళ్ళారా?"

యాడ్విగా ఏదో గొణిగింది.

"నీళ్ళ చప్పుడులో వినపడటం లేదక్కా!"

"జైల్లో ఉన్నాడు."

రెగీనా తడిచేతులతోనే బావురుమంది. పైఅంతస్తు వాళ్ళు నేల మీద దబదబా కొట్టారు. "కొట్టుకోండి!" అని పైకి అరిచి రెగీనా మళ్ళీ ఏడ్చింది.

యాడ్విగా చూస్తూ నిలబడింది. తన మొగుడి కోసం తనింతవరకూ నోరారా ఏడవలేదు. ఈ మహాతల్లికి అదీ దక్కింది.

"ఏయ్, ఆపు!" ఆమె కుళాయి కట్టేసింది. "జైల్లో ఉన్నది నా మొగుడే! నీ మొగుడు కాదు!"

పైవాళ్ళు మళ్ళీ కొట్టారు, ఈసారి యాడ్విగా అరిచినందుకు.