మాస్టారి మీద నేను రాసిన తీర్మానం

మా ఫుట్‌బాల్ మాస్టారు పోయారని కబురు వచ్చినప్పుడు నేను నర్సరీ గేటు దగ్గర నిలబడి లారీకి కొబ్బరి మొక్కలు ఎక్కిస్తున్నాను. వాళ్ల వీధిలో కిళ్లీకొట్టు పెట్టుకున్నాయన నా సెల్లుకి ఫోన్ చేశాడు. "మాస్టారు తెల్లారగట్ల పోయారండి. మీ టీము వాళ్లందరికీ చెప్పండి," అన్నాడు. టీము అనే మాట విని చాలా ఏళ్లయింది. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆరేళ్లు మా నర్సరీ కూలీలతో కట్టిన ఫుట్‌బాల్ టీముకి కోచ్‌గా ఉన్నారు. తొంభైల నాటి మాట. ఆ ఆరేళ్లలో మేం గెలిచిన మ్యాచ్‌లు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. అన్నిసార్లు ఓడిపోతే తప్పు ఎవరో ఒకరి మీద వెయ్యాలి కాబట్టి కమిటీ ఆయన మీద వేసింది. ఆ తీర్మానం రాసింది నేను. నర్సరీలో గుమస్తాని, టీముకి సెక్రటరీని. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం అదే గానీ, ఆయన గొప్పతనం చాటడానికి నేను తగినవాణ్ణి కాను.

మా పని సంగతి తెలియనివాళ్లకు ఒకటి చెప్పాలి. కడియం చుట్టుపక్కల నర్సరీల నుంచి మొక్కల లారీలు దేశమంతా వెళతాయి. మొక్కల్ని ఎక్కించి వదిలేస్తే చేరవు. దారి పొడుగునా నీళ్లు చల్లాలి, టార్పాలిన్ సర్దాలి, వేరు కదలకుండా దించాలి. అందుకని ప్రతి లారీ మీదా ఇద్దరు మనుషులు వెళతారు. వెళితే వారం, పదిరోజులు, ఒక్కోసారి పదిహేను. ఎవరు వెళ్లాలో పసుపుపచ్చ చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి నేను. వానలు పడితేనే పై రాష్ట్రాల్లో మొక్కలు నాటుతారు కాబట్టి లారీ లోళ్లన్నీ వానాకాలంలోనే. రాజమండ్రిలో ఫుట్‌బాల్ టోర్నమెంటు కూడా వానాకాలంలోనే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి పెద్ద చదువేం అక్కర్లేదు. అయినా కమిటీలో ఎవరూ చూడలేదు. నేను చూశాను, నోరు మెదపలేదు.

టీము మా ఓనరు గారి సరదా. కమిటీకి అధ్యక్షులు కూడా ఆయనే. మనసులో కల్మషం లేని మనిషి. వీపు మీద నర్సరీ పేరు అచ్చు వేయించిన బనియన్లు, బూట్లు, బంతులు అన్నీ కొనిచ్చారు. నర్సరీ వెనకాల ఖాళీగా ఉన్న ఎకరం నేల చదును చేయించి గోలుపోస్టులు పాతించారు. ఆదివారం మ్యాచ్‌కి ఫియట్ కారులో వచ్చి, గొడుగు పట్టుకుని గీత పక్కనే నిలబడి చూసేవారు. మా వాళ్లు గోలు తిన్నప్పుడల్లా గొడుగు ఇంకాస్త కిందికి దిగేది.

మాస్టారు సాయంత్రం అయిదింటికి సైకిలు మీద వచ్చేవారు. రాగానే ఈలకి కట్టిన బూటులేసు మెడలో వేసుకుని తలలు లెక్కపెట్టేవారు, పైకి వినపడేలా. "ఆరు, ఏడు, ఎనిమిది..." అని ఆగేవారు. "సరే, మిగతా ముగ్గురూ వేషం మార్చుకుని వచ్చారనుకుందాం, మొదలెట్టండి," అనేవారు. నవ్వేవాళ్లు కుర్రాళ్లు. పగలంతా మట్టి ముద్దలతో ఉన్న చెట్లు మోసి, నడుం వంచి మొక్కలకి అంట్లు కట్టి వచ్చినవాళ్లు. వాళ్ల చేత ఆయన గ్రౌండు చుట్టూ పరుగులు పెట్టించేవారు కాదు. "పొద్దుటి నుంచి పరిగెత్తుతూనే ఉన్నారు కదయ్యా, ఇంకేం పరిగెత్తిస్తాను?" అనేవారు. ఒక మూల కూర్చోబెట్టి, ఇటుక ముక్కతో నేల మీద గీతలు గీసి, బంతి ఎటు పోతుందో చూపించేవారు. ముగ్గురు చెయ్యాల్సిన పని ఇద్దరు ఎలా చెయ్యాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పాపం, తెలుసుకోక తప్పలేదు.

లోడు మీద వెళ్లే కుర్రాడు నేనిచ్చిన చీటీ తీసుకెళ్లి ముందు మాస్టారికి చూపించేవాడు. ఎవరు పెట్టారో ఆ అలవాటు, స్కూల్లో సెలవు చీటీ ఇచ్చినట్టు ఇచ్చేవాళ్లు. ఆయన అది చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "దారిలో జాగ్రత్త, టార్పాలిన్ మీద నిద్రపోవద్దు," అని పంపేవారు. రానివాడి మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "రాలేనివాణ్ణి తిట్టి ఏం లాభం? వచ్చినవాణ్ణి ఆడించాలి," అనేవారు. ఈ మాట నేను నా పిల్లలకు చాలాసార్లు చెప్పాను, ఎవరి మాటో చెప్పకుండా.

ఒక్కసారి మాత్రం నర్సరీకి వచ్చి నన్ను అడిగారు. మా టీములో గోలు కొట్టగలిగినవాడు ఒక్కడే, సత్తిబాబు. "ఏమయ్యా గుమస్తా, ఈ టోర్నమెంటు అయ్యేదాకా సత్తిబాబుని లోడుకి వెయ్యకుండా చూడగలవా?" అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు, అదే ఆఖరు. "ఎంత మాట, చూస్తానండి," అన్నాను. రెండు వారాలు చూశాను కూడా. ఆ రెండు వారాల్లో మేం ఒక మ్యాచ్ గెలిచాం, ఒకటి డ్రా చేశాం. మూడో వారం సత్తిబాబే వచ్చాడు. "నన్నెందుకండి ఆపేస్తున్నారు? మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. లోడు మీదకెళ్తే రోజుకింతని బత్తా వస్తదండి, ఆటకెవరిత్తారు?" అన్నాడు. అదే రోజు ఓనరు గారు ఇండోర్ లారీకి, పెద్ద చెట్లు దించాలి, బలమైనోళ్లని వెయ్యమన్నారు. బలమైనవాళ్లు టీములోనే ఉన్నారు. బలమైనవాళ్లు కాబట్టే టీములో ఉన్నారు. సత్తిబాబు పేరు చీటీ మీద రాశాను.

ఆ ఆదివారం ఎనిమిది మందితో ఆడి అయిదు గోల్స్ తిన్నాం. ఓనరు గారి గొడుగు ఆయన కళ్ల దాకా దిగిపోయింది.

ఇంతకీ మాస్టారి తప్పు అసలు లేదా అంటే, ఉంది. ఇన్నేళ్లు ఆలోచించాను, కాబట్టి చెప్పగలను. కమిటీలో ఒకాయన రాజమండ్రి నుంచి కిరాయి ఆటగాళ్లని ముగ్గుర్ని తెస్తానన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "మన కుర్రాడు లోడు దిగి పరిగెత్తుకొస్తే, వాడి బనియను ఇంకోడి ఒంటి మీద కనపడాలాండి?" అన్నారు. మొండితనం అది. చూపు ఆనని వెంకన్నని గోల్లో నిలబెట్టడం ఇంకో మొండితనం. పొడుగ్గా ఉన్నాడని నిలబెట్టారు, బంతి దగ్గరికొస్తే గానీ కనపడదని తెలిశాక కూడా, నొచ్చుకుంటాడని మార్చలేదు. మంచి కోచ్ అయితే మార్చేవాడేమో. కానీ ఎనిమిది మంది పదకొండు మందితో ఆడి ఓడిపోతే, గోల్లో ఎవరు నిలబడ్డారన్నది ఎంత తప్పు?

ఆరో ఏడు టోర్నమెంటులో మొదటి వారమే ఇంటికొచ్చేశాం. మర్నాడు షెడ్డులో కమిటీ కూర్చుంది. మాస్టార్ని పిలిపించారు. ఓనరు గారు మర్యాదగానే మొదలుపెట్టారు.

"మాస్టారండీ, బంతులిచ్చాం, బూట్లిచ్చాం, గ్రౌండు ఇచ్చాం. ఇంకా ఏం కావాలో మీరు చెప్పండి."

"మనుషులండి," అన్నారు మాస్టారు.

"మనుషులకేం తక్కువండీ? నర్సరీలో ఎంతమంది కుర్రాళ్లున్నారు! మీకు వాళ్లని రప్పించుకోడం చేతకాలేదనుకోవాలి గానీ. ఏమోయ్ గుమస్తా, నువ్వు చెప్పు. సెక్రటరీవి కదా. ఎందుకు రావట్లేదు వీళ్లు?"

మినిట్స్ పుస్తకం నా ఒళ్లో ఉంది. తల ఎత్తితే మాస్టారు కనిపించారు. పలచటి తెల్ల చొక్కా, జేబులోని పసుపుపచ్చ చీటీల కట్ట బట్టలోంచి తెలుస్తోంది. ఆ ఏడాదివన్నీ తెచ్చుకున్నారు. ప్రతి దాని మీదా పేరు, తేదీ, కింద నా సంతకం. అవి బల్ల మీద పెడితే అక్కడితో అయిపోయేది. టీముని లారీలు ఎక్కించి ఖాళీ చేసింది ఎవరో అందరికీ తెలిసేది. ఓనరు గారు నన్ను ఏమనేవారో తెలియదు. ఏమీ అనకపోనూ వచ్చు. కానీ ఆయన నొచ్చుకుంటారని, నా ఉద్యోగం ఏమవుతుందోనని భయపడ్డాను. "తెలీదండి," అన్నాను.

మాస్టారి చెయ్యి జేబు దాకా వెళ్లింది. ఆ చెయ్యి చీటీల పక్క నుంచి రుమాలు తీసింది. కళ్లద్దాలు తుడుచుకున్నారు. షెడ్డు గుమ్మం బయట సత్తిబాబు, వెంకన్న, ఇంకా నలుగురు నిలబడి వింటున్నారు. వాళ్లవైపు ఒకసారి చూశారు.

"తప్పు నాదేనండి," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, నేను బడిపిల్లాణ్ణి అయినట్టు మెల్లగా, "రాసుకోవయ్యా," అన్నారు.

రాశాను. టీము పరాజయాలకు కోచ్ గారి అసమర్థతే కారణమని కమిటీ ఏకగ్రీవంగా భావించిందని రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు. ఆ రోజు మరీ బాగా కుదిరింది.

కొత్త కోచ్‌ని రాజమండ్రి నుంచి తెచ్చారు. ఆయనకి స్కూటరు, టోపీ, నెలజీతం ఉండేవి. ఆయన కూడా ఓడిపోయాడు. కిరాయి ఆటగాళ్లు వచ్చారు, వాళ్లూ ఓడిపోయారు, ఎందుకంటే మిగతా ఎనిమిది మందిలో సగం లారీల మీదే ఉన్నారు. చీటీలు నేను రాస్తూనే ఉన్నాను. రెండేళ్లకి ఓనరు గారికి సరదా తీరిపోయింది. గ్రౌండులో క్రోటన్లు వేశారు. గోలుపోస్టులకి పచ్చ వల కట్టి, దాని నీడలో లేత మొక్కలు పెంచుతున్నారు ఇప్పటికీ.

మాస్టారికి మొన్న సంక్రాంతి వెళ్లాక కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. చూడటానికి వెళ్లాను. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తీసుకెళ్లాను, చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కున్నాను. మంచం పక్కన కూర్చున్నాక ఆయనే అడిగారు, మాట కొంచెం ముద్దగా వస్తోంది. "లోళ్లు బాగా వెళ్తున్నాయా?" వెళ్తున్నాయన్నాను. "సత్తిబాబు?" వాడూ వెళ్తున్నాడన్నాను. "టార్పాలిన్ మీద పడుకోవద్దని చెప్పు," అన్నారు. అంతే. నేను కూడబలుక్కున్నది చెప్పలేదు. మళ్లీ వస్తానండి అని లేచాను. మళ్లీ వెళ్లలేదు. రోజూ వెళ్దామనే అనుకున్నాను, ఇది మాత్రం అబద్ధం కాదు.

ఫోన్ వచ్చిన గంటకి వాళ్లింటికి చేరాను. వాన ఆగి ఆగి పడుతోంది. వాకిట్లో ఇరుగుపొరుగు వాళ్లు ఓ పదిమంది, ఎక్కువగా ఆడవాళ్లూ ముసలివాళ్లూ, స్కూలు నుంచి ఇద్దరు. టీము వాళ్లలో వెంకన్న ఒక్కడే వచ్చాడు. వాడికి చూపు పూర్తిగా తగ్గిపోవడంతో పన్లోకి రావడం లేదు. మనవడి చెయ్యి పట్టుకుని వచ్చాడు. పాడె కట్టారు. మాస్టారికి కొడుకులు లేరు. అల్లుడు కుండ పట్టుకోవాలి. మోసేవాళ్ల కోసం ఎదురు చూస్తున్నారు.

మాస్టారి భార్య నన్ను గుర్తుపట్టారు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నారు. "ఆయన పిల్లలెవరూ రాలేదేంటి బాబూ?" అని అడిగారు. పిల్లలంటే టీము.

"లోళ్ల మీద వెళ్లారండి. నిన్నా మొన్నా నాలుగు లారీలు వెళ్లాయి," అన్నాను.

"అందరూనా?"

"అందరూ అండి."

ఆవిడ కాసేపు వాన చూశారు. "ఎవరు పంపారు బాబూ?" అన్నారు. ఏ కోపమూ లేదు ఆ గొంతులో. ఊరికే, తెలుసుకుందామని అడిగారు. ఆ రోజు షెడ్డులో అంతమంది పెద్దవాళ్లు కూర్చుని ఎవరూ అడగని ప్రశ్న.

"నేనేనండి," అన్నాను. "అప్పుడు కూడా నేనేనండి."

ఆవిడ తల ఊపారు.

కిళ్లీకొట్టాయన, స్కూలు నుంచి వచ్చిన ఇద్దరూ ముందుకొచ్చారు. నాలుగో మనిషి లేడు. నేను వెళ్లి పాడెకి వెనక ఎడమ కొమ్ము కింద భుజం పెట్టాను. ఆ ముగ్గురూ నాకంటే జానెడు పొడుగు. అందుకని పాడె నావైపే వాలిపోయింది. కాలవగట్టు వెంబడి బురదలో నడుస్తుంటే, అల్లుడి పక్కన నడిచే పెద్దాయన వెనక్కి తిరిగి, "ఆ మూల ఎత్తండయ్యా, ఎత్తండి," అంటూనే ఉన్నాడు. మునివేళ్ల మీద నడిచాను. రెండు చేతులతో పైకి నెట్టాను. శ్మశానం దాకా అది నావైపు వాలుతూనే ఉంది.