కంప్యూటర్‌కి తొవ్వ చూపించాను

ఫిల్మ్‌నగర్‌లో ఓ ఎడిటింగ్ స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరిన కొత్త. ట్రైలర్ కోసం డైరెక్టర్‌గారు నా వెనకే కూర్చున్నారు. వీడియోని ఒక ఫార్మాట్ నుంచి ఇంకోదానికి మార్చే ప్రోగ్రామ్‌ని కమాండ్ కొట్టి కొత్త కంప్యూటర్లో వేశాను. అది ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలియాలంటే దారి చెప్పే ‘పాత్’ అనే సెట్టింగ్‌లో చిరునామా చేర్చాలి. కంగారులో, మిగతా ప్రోగ్రామ్‌ల కోసం అందులో ముందే ఉన్న పాత చిరునామాలన్నీ తీసేసి, కొత్తదొక్కటే పెట్టాను. అంతే, ఏ కమాండూ పనిచేయలేదు!

“ఏందమ్మా, అంతా ఖరాబైందా?” అన్నాడు ఎడిటర్ నర్సింగన్న.

ఆ సెట్టింగే మళ్ళీ తెరిచాను. “ఏం పోలేదన్నా, దారి మర్చిపోయిందంతే” అన్నాను. పాత చిరునామాలు గుర్తుచేసుకుని మళ్ళీ రాసి, వాటి పక్కన కొత్తది చేర్చాను. ట్రైలర్ సిద్ధమైంది.

చెడగొట్టిన చేత్తోనే బాగుచేశాను మరి! ఇప్పుడు ఏ కొత్త కంప్యూటర్ వచ్చినా నర్సింగన్న నా టేబుల్ మీదే పెట్టిస్తాడు: “ముందుగాల దీనికి జర తొవ్వ చూపెట్టమ్మా.”