నూకరత్నమ్మ గారి గోడౌన్‌లో పరాయి పసుపు

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి ఏప్రిల్‌లో, అరకులోని ఒక కిరాణా కొట్టు ఆర్థిక నివేదికలు సంతకం కోసం విశాఖలోని మా ఆఫీసుకు వచ్చాయి. నేనప్పటికే చార్టర్డ్ అకౌంటెంట్‌గా తల నెరిసినవాణ్ణి. కొట్టు యజమానురాలు నూకరత్నమ్మ గారు మైదానం నుంచి కొండెక్కిన షావుకారు ఇంటి కోడలు. పసుపు కొనడానికి బ్యాంకును క్యాష్ క్రెడిట్ అడిగారు. అంటే కొట్టులో సరుకును తాకట్టుగా చూపి, దాని విలువను బట్టి వాడుకునే అప్పు.

స్థూల లాభం చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఉప్పు, సబ్బులు, ఎండుచేపలు అమ్మే కొట్టుకు ఇంత మిగులా? ఎవరి చెవిలో పువ్వులు పెడదామని? తీరా చూస్తే కొనుగోళ్ళు, అమ్మకాలు బిల్లులతో సరిపోయాయి. ఇక మిగిలింది ముగింపు నిల్వ, అంటే మార్చి నెలాఖరుకు అమ్ముడుపోని సరుకు. దాన్ని ఎంత ఎక్కువ రాస్తే లాభం అంత పెరుగుతుంది. ఇది ఫోన్లో తేలేది కాదని ఘాట్ రోడ్డు ఎక్కాను.

నివేదికలు తయారుచేసిన అకౌంటెంట్ ఆ ఏడాదే కొట్టులో కొత్తగా చేరిన మైదానం మనిషి. పనిమంతుడే. అంతకు ముందువాళ్ళలా కంటి అంచనా రాయకుండా గోడౌన్‌లోని పసుపు బస్తాలన్నీ తూకం వేయించి మరీ రాశాడు. ఆ మాట చెప్పి మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూశాడు.

ఆ రోజు సంత. మేం గోడౌన్‌లో ఉండగానే బుద్రి అనే కొండ రైతు తిన్నగా లోపలికి వచ్చి, మూతికి ఎర్ర చీర పీలిక కట్టిన బస్తాను బయటికి లాగింది.

“సావుకారమ్మా, నా పసుపు అట్టుకెల్తన్నాను. ఇయేల రేటు బాగుంది.”

నూకరత్నమ్మ గారు తల కూడా ఎత్తకుండా, “బేగి ఎల్లవే, బేరగాళ్ళు ఎలిపోతారు” అన్నారు.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఆవిడ నవ్వేశారు. “ఏటి బాబూ, అలా సూత్తన్నారు? సంతలో రేటు గిట్టకపోతే మల్లీ మోసుకుని కొండెక్కలేరు కదా. ఎవుల కోక పీలిక ఆల్లు కట్టీసుకుని ఇక్కడ ఒగ్గీసి ఎల్తారు. అద్దె లేదు, సీటీ లేదు. ఉప్పూ సబ్బూ నా కాడే కొంటారు, అంతే.”

తప్పు దొరికింది. కొనని పసుపుకు కొనుగోలు ఖర్చు ఉండదు. కానీ నిల్వలో మాత్రం ధర కట్టారు. ఆ విలువంతా లాభమై కూర్చుంది. పీలిక ఉన్న బస్తాలను ఒక పక్కకు పెట్టిస్తే, ఆవిడ సొంత పసుపు గోడ వారన కాస్త మిగిలింది.

నూకరత్నమ్మ గారి నవ్వు మాయమైంది. “అయి తీసేత్తే నాకు అప్పేటి వత్తాది బాబూ? నా గోడౌన్లో ఉన్నాయా, లేవా?” అని నిలదీశారు. నేనూ గొంతు పెంచాను. రేపు బాకీ కట్టలేకపోతే బ్యాంకు ఈ గోడౌన్‌కి తాళం వేస్తుందని, అప్పుడు బుద్రి వస్తే ఏం చెబుతారని అడిగాను. ఆవిడ వెళ్ళి ఒక బస్తా మూతికి వదులైన పీలిక ముడి బిగించారు.

“తీసీండి బాబూ. ఆల్లు నా మొకం సూసి ఒగ్గీసి ఎల్తన్నారు” అన్నారు చివరికి.

ముగింపు నిల్వ తగ్గించి, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తిరగరాయించాను. రైతులు భద్రత కోసం ఉంచిన సరుకు యజమానిది కాదని, దాని గుర్తు చీర పీలిక అని కింద నోట్ చేర్చాను. అకౌంటెంట్ ఆ పీలిక మాట చూసి ఇబ్బందిపడ్డాడు. ఉంచమన్నాను. అడిగిన అప్పులో సగం కూడా రాలేదు.

మరుసటి ఏడాది పసుపు ధర పడిపోయింది. నూకరత్నమ్మ గారు వడ్డీ కట్టలేకపోయారు. బ్యాంకు అధికారులు సరుకు స్వాధీనం చేసుకోవడానికి వచ్చారు. నా నోట్ చదివి, తాళం వేసే ముందు పీలిక కట్టిన బస్తాలన్నీ బయట పెట్టించారు. బుద్రితో సహా రైతులందరూ వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. ఒక్క బస్తా పోలేదు. ఆ తర్వాత ఆవిడ అప్పు తీర్చి కొట్టు మళ్ళీ తెరిచారు. తీసుకున్న అప్పు చిన్నది కాబట్టే తీర్చగలిగారు.

నేను పెట్టిన సంతకాలన్నిటిలో నాకు గర్వంగా అనిపించేది ఆ సంతకమే. ఆ తర్వాత రిటైరయ్యేవరకూ ఏ గోడౌన్‌లో అడుగుపెట్టినా, తూకం వేయించే ముందు సరుకు ఎవరిదని అడిగాను.