నా బాణం తగిలిన ఆనపబుర్ర

మా ఆవిడకి ఒక బావ ఉండేవాడు. అరకు కొండల్లో నాకు పట్టుకున్న జబ్బుల్లో చలిజ్వరం ఒకటి, ఆ బావ రెండోది. చలిజ్వరానికి మిషను వాళ్ళు క్వినైను ఇచ్చేవారు. రెండోదానికి ఎవరూ ఏ మందూ ఇవ్వలేదు.

నేను పాచిపెంట దిగువ మైదానం వాణ్ణి. మిషను ట్రైనింగు స్కూల్లో చదువుకుని, ఇరవైల్లో ఆ కొండ మీద బడికి మాస్టరుగా వెళ్ళాను. అప్పటికి అరకుకి రైలూ లేదు, బస్సూ లేదు. సాలూరు దాకా రైలు, అక్కణ్ణించి కాళ్ళు. వెళ్ళిన ఏడాదే పెళ్ళయింది. పిల్ల ఆ ఊరి గుంటే. వాళ్ళ అమ్మా నాన్నా బాప్తిస్మం తీసుకున్నారు. మేనమామ కొడుకు, అంటే ఈ బావ, తీసుకోలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ ఇద్దరికీ అనుకున్న సంబంధం అది. బాప్తిస్మం లేనివాడికి పిల్లనివ్వకూడదని పాదిరిగారు గట్టిగా అనబట్టి నాకు దక్కింది. ఆ మాట ఆవిడ ఒక్కనాడూ ఎత్తలేదు. నేనే రోజూ తలుచుకునేవాణ్ణి.

బావ మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు. వస్తే తేనో, కూరకి లేత వెదురు కొమ్ములో, అడ్డాకుల కట్టో తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. మరదలి మొగుడు అన్న వరసని నన్ను 'అన్నయ్యా' అని పిలిచేవాడు. మంచివాడండీ. అదే నాకు గిట్టేది కాదు. చెడ్డవాడైతే హాయిగా తలుపు వేసుకునేవాణ్ణి.

పైగా విలుకాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వాడంతటి గురి ఇంకొకడికి లేదు. నేను చెట్టు మీద పనసకాయకి రాయి విసిరితే అది పక్కింటి వాళ్ళ కోళ్ళ మీద పడేది. ఆవిడ నవ్వేది కాదు. కట్టెలు ఏరుకుంటూనే, "మా బావైతే తొడిమ మీద కొట్టేసేవోడు" అనేది. ఎత్తిపొడుపు కూడా కాదది, వాన పడుతోందని చెప్పినట్టు చెప్పేది. నాకు అన్నం సహించేది కాదు. నా గురించి ఆవిడ ఒక్కసారి అలా పక్కింటి వాళ్ళతో చెప్పాలి. ఆ కొండ మీద ఉన్నన్నాళ్ళూ నాకు కావలసింది అదొక్కటే.

మా బడి వెనక నిలువుగా ఒక బండ ఉండేది. ఒకనాడు పెద్ద తరగతి పిల్లల్ని దాని మీదకి ఎక్కించాను. ఒక చేతిలో గుండ్రాయి, ఒక చేతిలో ఉసిరికాయ. రెండూ ఒక్కసారే వదిలితే ఏది ముందు పడుతుందని అడిగాను. రాయేనని అందరూ అన్నారు. వదిలాను. రెండూ ఒకేసారి నేల మీద పడ్డాయి. మళ్ళీ వదలమన్నారు, మళ్ళీ అంతే. నేను మోసం చేస్తున్నానని ఒక గుంటడు నా చేతులు తిప్పి చూశాడు. అప్పుడు చెప్పాను. నేల లాగితే అన్నీ ఒకే తీరున పడతాయి, బరువుతో దానికి పని లేదు. వదిలిన వస్తువు మొదట నెమ్మదిగా బయలుదేరి, రెప్పపాటుకీ రెప్పపాటుకీ వేగం పెంచుకుంటూ పోతుంది. అందుకే అరుగు మీంచి పడితే మోకాలు దోక్కుంటుంది, బండ మీంచి పడితే ప్రాణం పోతుంది.

నా కుళ్ళు కూడా అంతే, పట్టుకొమ్మ దొరికే దాకా వేగం పెరుగుతూనే పోయింది.

ఆ రాత్రి అంబలి తాగుతూ ఆ సంగతే ఆవిడకి చెప్పాను. విల్లులోంచి వదిలిన బాణం కూడా ముందుకు పోతూనే, వదిలిన క్షణం నుంచీ కిందకి పడుతూనే ఉంటుందన్నాను. "అదేటి, మా బావకి తెల్దేటి? అందుకే కాయ దూరంగా ఉంటే దాని మీదకి గురి పెడతాడు" అంది ఆవిడ. నేను ఇంక తాగలేదు. తాగకపోయినా బుర్ర పనిచేసింది.

చెట్టుకి కదలకుండా వేలాడే కాయని కొట్టాలంటే పైకి గురి పెట్టాలి, నిజమే. మరి బాణం వదిలిన క్షణంలోనే ఆ కాయ కూడా తెగి పడితే? విలుకాడు ఏమనుకుంటాడు? కాయ కిందకి వచ్చేస్తుంది కదా అని కిందకి గురి పెడతాడు. అక్కడే తప్పుతాడు. బాణం ఎంత పడుతుందో కాయా అంతే పడుతుంది. కాబట్టి వేలాడుతున్న కాయకి సూటిగా గురి పెట్టి వదిలితే చాలు, రెండూ దారిలో కలుసుకుంటాయి. ఇది ట్రైనింగు స్కూల్లో మా మాస్టారు నల్లబల్ల మీద గీసి చూపించారు. ఆ కొండ మీద అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళయ్యాక అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు.

చలికాలమంతా బడి వదిలాక పుట్టమన్ను గుట్టకి బాణాలు వేస్తూ కూర్చున్నాను. పైకీ కిందకీ గురి పెట్టడం నాకు ఎలాగూ రాదు. సూటిగా వెయ్యడం ఒక్కటే నేర్చుకున్నాను.

చైత్రంలో ఇటికల పండుగ వచ్చింది. మగవాళ్ళు విల్లులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఏమీ కొట్టకుండా వట్టి చేతులతో వచ్చినవాణ్ణి ఆడవాళ్ళు పేడ ముద్దలతో తరిమి కొడతారు. మిషను వాళ్ళం అటు వెళ్ళకూడదు. వెళ్ళేవాళ్ళం. వేట ముగిసి అందరూ చింతచెట్ల కింద చేరాక, కొత్త ఆట ఒకటుందని చెప్పాను. కొమ్మకి ఎండిన ఆనపబుర్ర ఒకటి దారంతో కట్టాలి. ఆ దారం రెండో కొస విల్లు ముందు ఒక పుడకకి చుట్టి ఉంటుంది. పిట్టలకి ఉచ్చు పెట్టినప్పుడు ఆనించే పుడక లాంటిదే. బాణం దూసుకుపోతూ పుడకని తన్నేస్తుంది, దారం జారుతుంది, బుర్ర పడుతుంది. ఆ పుడక చెక్కడం నాకు చేతకాక బావనే చెక్కమన్నాను. ముచ్చటగా చెక్కి ఇచ్చాడు.

బుర్ర నేనే ఇంటి నుంచి తెచ్చాను. ఆవిడ పండక్కి ముందే పుట్టింటికి వెళ్ళింది. అటక మీద వెతికితే పాత ఆనపబుర్ర ఒకటి కనబడింది. సన్నటి మెడ, పొగకి నల్లబడిన పొట్ట. చిన్నగా ఉంది, గురికి బాగుంటుందని తెచ్చేశాను.

బావ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మెడ మీద బొటనవేలు పెట్టి తిప్పి చూశాడు.

"ఈ బుర్రేనా అన్నయ్యా?"

"ఇదే. ఏటి, భయమేసిందా?"

వాడు నవ్వాడు. తనే చెట్టెక్కి కొమ్మకి కట్టి వచ్చాడు.

ఒక్కొక్కడే వచ్చి వేశాడు. అలవాటు కొద్దీ పైకి పెట్టినవాడి బాణం బుర్ర మీదుగా పోయింది. తెలివిగా కిందకి పెట్టినవాడిది బుర్ర కిందుగా పోయింది. పడ్డ బుర్రని ప్రతిసారీ బావే ఎత్తి, దుమ్ము తుడిచి, మళ్ళీ కట్టాడు. ఆఖరికి వాడి వంతు వచ్చింది. ఆడవాళ్ళ గుంపులో మా ఆవిడ ముందుకు వచ్చి నిలబడింది. వాడి కోసమే వచ్చిందని నాకు కనబడుతూనే ఉంది. వాడు విల్లు ఎత్తి చాలాసేపు చూసి వదిలాడు. బాణం చాలా కిందుగా పోయి గడ్డిలో గుచ్చుకుంది. ఆడవాళ్ళు నవ్వుతూ పేడ ముద్దలు విసిరారు. వాడు మొహం కూడా తుడుచుకోలేదు.

నేను లేచాను. బుర్రకి సూటిగా పెట్టాను, ఊపిరి బిగబట్టి వదిలాను. పుడక ఎగిరింది, బుర్ర జారింది, నా బాణం దాని పొట్ట పగలగొట్టుకుని దూసుకుపోయింది. మూకంతా గోల చేసింది. ముసలాళ్ళు వచ్చి నా భుజం తట్టారు. నేను ఎవర్నీ చూడలేదు, ఆవిణ్ణే చూశాను.

ఆవిడ నన్ను చూడట్లేదు. వంగి ఆ బుర్ర ముక్కలు ఏరుకుంటోంది. ఏరి కొంగులో వేసుకుని, పేడ మరకలతో నిలబడ్డ బావని ఒకసారి చూసింది. ఆ చూపు కోసమే నేను చలికాలమంతా గుట్టకి బాణాలు వేశాను. అది వాడికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాం. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ముక్కలు అతికించబోయింది, అతకలేదు.

"పాత బుర్రేగా, ఇంకోటి ఆరబెట్టుకుంటే పోయె" అన్నాను.

"ఇది మా బావ సేసింది. సిన్నప్పుడు నేను గెడ్డకాడికి నీళ్ళకి పోతే, నాకని ఎండబెట్టి, లోపల తోడి, మెడకాడ గీత గీసి ఇచ్చాడు. అంతమందిలో దాన్ని గుర్తుపట్టేది నేనూ ఆడూ."

అయినా నా నోరు ఊరుకోలేదు.

"నాకేం తెలుసు? ఏదైతేనేం, వాడు తప్పాడుగా. చదువంటే అదీ."

ఆవిడ అప్పుడు తలెత్తింది. చాలాకాలానికి నన్ను అంత నిదానంగా చూసింది.

"తప్పాడా?" అంది.

అంతే. లేచి అంబలి కుండ దింపింది.

మర్నాడు వాణ్ణే నిలదీశాను. "గురి అక్కడెందుకు పెట్టావు? నిజం చెప్పు" అన్నాను. "నీ సదువు గొప్పది అన్నయ్యా, మాకేటి తెలుస్తాది" అని వెదురు చీల్చుకుంటూ కూర్చున్నాడు. బుర్ర కిందకి వస్తుందని అక్కడ పెట్టాడో, బుర్రకి తగలకూడదని అక్కడ పెట్టాడో, ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. పడే వస్తువు ఎప్పుడు ఎక్కడుంటుందో నేను లెక్క కట్టి చెప్పగలను. అదొక్కటి మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

ఆనపకాయలు ముదిరే కాలం రాగానే బావ కొత్త బుర్ర ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టాడు. సన్నటి మెడ, మెడ మీద గీత. వాడు పోయి చాలాకాలమైంది. బుర్ర ఇంకా మా ఇంట్లో చూరుకి వేలాడుతోంది. ఆవిడ అందులో నీళ్ళే తాగుతుంది, ఎండాకాలంలో చల్లగా ఉంటాయని వచ్చినవాళ్ళకీ ఇస్తుంది. నాకూ ఇవ్వబోతుంది. నేను కుండలోవే ముంచుకు తాగుతాను.